అక్కి లేచిన మూడు రోజుల్లో

సభాధ్యక్షులకు, పింఛనుదారుల సంఘం మిత్రులకు నమస్కారం. వృద్ధాప్యంలో ఆహార నియమాల గురించి మాట్లాడమన్నారు, కాగితం రాసుకునే వచ్చాను. కానీ ఇందాక టీ దగ్గర ఒక పెద్దాయన చొక్కా ఎత్తి, నడుము పక్క మచ్చలు చూపించి, "ఆరు నెలలైంది మాస్టారూ, ఇంకా మండుతూనే ఉంది" అన్నారు. అందుకే ఈ పూట అక్కి గురించే మాట్లాడతాను.

మా అమ్మకు 71వ ఏట వచ్చింది. పక్కటెముకల కింద మంట అంటే వాతం అనుకున్నాం. రెండు రోజులకు వెన్ను నుంచి రొమ్ము కిందిదాకా, ఒక పక్కనే, పట్టీలా పొక్కులు లేచాయి. కుమ్మరి పెద్దాయన వచ్చి కావితో అక్కి రాశారు. వెళ్తూ, "మా పని మేం చేశాం, డాక్టరుకు కూడా చూపించు బాబూ" అన్నారు. ఆయన్ని తప్పుపట్టేవాళ్లుంటే ఈ మాట వినండి. విన్నది నేను. సోమవారం చూద్దాంలే అనుకున్నదీ నేనే. మందుల దుకాణంలో ఇచ్చిన పూతమందు రాస్తూ కూర్చుని, ఆరో రోజున ఆసుపత్రికి తీసుకెళ్లాను. మూడు వారాల్లో పొక్కులు మానాయి, నొప్పి మానలేదు. నాలుగేళ్లపాటు జాకెట్టు తగిలినా అమ్మ ఓర్చుకోలేకపోయింది.

చిన్నప్పుడు మనకు ఆటలమ్మ పోసిన వైరసే ఇది. ఒంట్లోంచి పోదు, వెన్నుపక్క నరాల మొదళ్లలో దాక్కుని, వయసు మీద పడ్డాక ఒక నరం వెంట బయటికి వస్తుంది. పట్టీ చుట్టూ తిరిగి కలిస్తే ప్రాణం పోతుందనే భయం వద్దు. భయపడవలసింది ఆలస్యానికి. పొక్కు లేచిన 72 గంటల్లోపు మాత్రలు మొదలుపెట్టాలి. ఎసైక్లోవిర్ అయితే సాధారణంగా 800 మిల్లీగ్రాములు, రోజుకు 5 సార్లు, 7 రోజులు. వాలసైక్లోవిర్ అయితే రోజుకు 3 సార్లు చాలు. మూత్రపిండాల జబ్బు ఉంటే మోతాదు తగ్గించాలి, కనుక డాక్టరు రాయకుండా కొనకండి. నుదుటి మీదో, ముక్కు కొన మీదో పొక్కు కనిపిస్తే కంటికి ముప్పు. గడువు దాటినా సరే, ఆ రోజే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ఎసైక్లోవిర్‌ను కనుగొన్న బృందాన్ని నడిపింది గెర్‌ట్రూడ్ ఎలియన్. ఆడపిల్లవని మొదట్లో ప్రయోగశాలల్లో ఉద్యోగం ఇవ్వలేదు ఆమెకు. పీహెచ్‌డీ లేకుండానే 1988లో నోబెల్ అందుకున్నారు. వైరస్ తన సొంత ఎంజైముతోనే ఆ మందును మేల్కొల్పుతుంది, అందుకే అది వైరస్ సోకిన కణాల్లోనే ప్రధానంగా పనిచేస్తుంది. అంత తెలివైన మందు దుకాణంలో ఉండగా మా అమ్మ నాలుగేళ్లు నిద్రపోలేదు.

పెదవుల మీద, మర్మస్థానాల్లో వచ్చే హెర్పిస్ వేరే వైరస్, కానీ మందులు ఇవే. మాటిమాటికీ తిరగబెడుతుంటే రోజూ తక్కువ మోతాదులో వేసుకునే పద్ధతి ఉంది. అది వైరస్‌ను పూర్తిగా పోగొట్టదు, పొక్కులు రావడం తగ్గిస్తుంది. మీ పిల్లలెవరైనా సిగ్గుతో దాస్తుంటే గద్దించకండి. 50 దాటినవారికి అక్కి రాకుండా రెండు డోసుల టీకా మన దేశంలోనూ ఉంది. ఖరీదు ఎక్కువే, అయినా అడిగి తెలుసుకోండి.

ఒక్కమాట. ఈ వారంలో ఎవరికైనా ఒంటికి ఒక పక్కనే మంట, పొక్కులు వచ్చాయా? చెయ్యెత్తండి. మూడో వరుసలో అమ్మా, ఎప్పటి నుంచి? నిన్న సాయంత్రం నుంచా? అయితే గడువుంది. సభ ముగిసేదాకా ఆగకండి. బాబూ, అమ్మగారికి ఆటో పిలవండి.