జపాన్ రహస్య పెట్టె: మొదటి తాళం మన చేతులతో

ఈ పెట్టె ఒకసారి చూడండి. తాళం కప్ప లేదు, కీలు లేదు, ఇనుప ముక్క ఒక్కటీ లేదు. మూత లాగితే రాదు. ఇప్పుడు ఈ కుడి పక్క పలకను బొటనవేలితో కిందకి నొక్కుతున్నా. జారింది కదా? ఇప్పుడు మూత లాగితే హాయిగా వచ్చేసింది.

దీన్ని జపాన్‌లో హిమిత్సు బాకో అంటారు, అంటే రహస్య పెట్టె. దీని పుట్టిల్లు టోక్యోకి దగ్గరలో ఉన్న హకోనే కొండ ప్రాంతం. పాత తొకైదో రహదారి ఆ కొండల మీదుగానే వెళ్లేది. ఆ దారిలో ఉన్న హతాజుకు అనే ఊళ్లో రంగురంగుల చెక్కలను అతికించి నమూనాలు తయారుచేసే యొసెగి పని మొదలైంది. దానికి ఆద్యుడిగా ఇషికావా నిహెయ్ పేరు చెబుతారు. రంగులు వేయరు, చెక్క సొంత రంగే వాడతారు. అలా అతికించిన దిమ్మను పెద్ద చిత్రికతో (చెక్కను చెక్కి నునుపు చేసే పనిముట్టు) కాగితం అంత పల్చగా తీసి, ఆ పొరను పెట్టె మీద అంటిస్తారు. పలకల మధ్య అతుకులు ఆ నమూనాలో కలిసిపోయి కంటికి దొరకవు. అందం కోసం వేసినట్టున్న ఆ గళ్లు రహస్యాన్ని కూడా కాపాడతాయన్నమాట. ఆ ఉపాయమంటే నాకు ఎంత ఇష్టమో చెప్పలేను.

హకోనే పెట్టెలకు 4, 7, 10, 21 ఇలా కదలికలు ఉంటాయి, 72 కదలికలవి కూడా చేశారు. మనం ఈరోజు చేసేది 2 కదలికలది. అక్కడ పెట్టె కొలత సున్‌లలో చెబుతారు. ఒక సున్ దాదాపు 3 సెంటీమీటర్లు. మనది 5 సున్‌ల పెట్టె, అంటే 15 సెంటీమీటర్ల పొడవు.

బాగా ఆరిన పాత టేకు ముక్కలు తీసుకోండి. పొడవు గోడలు 9 మిల్లీమీటర్ల మందం, మూత 6, జారే పలక 6. ఎడమ గోడ, అడుగు పలక మామూలుగా అతికించేవే. అసలు పనంతా కుడి వైపే.

కెమెరా కొంచెం దగ్గరికి తెస్తున్నా. రెండు పొడవు గోడలకూ లోపలి వైపు రెండేసి గాళ్లు కావాలి. ఒకటి నిలువుది, కుడి చివర నుంచి 4 మిల్లీమీటర్లు లోపలికి. పలక అందులో జారుతుంది. రెండోది అడ్డంది, పైఅంచుకి 3 మిల్లీమీటర్ల కింద, కుడి చివర వరకూ తెరిచి ఉండాలి. మూత అందులో నడుస్తుంది. రెండూ 3 మిల్లీమీటర్ల వెడల్పు, 4 లోతు. అవి కలిసే ఈ మూల చూశారా, గోరంత ముక్క. ఇక్కడ నాకు రెండుసార్లు విరిగింది. అందుకే ముందు నిలువు గాడి తీయండి. దాంట్లో ఒక చెక్క పేడును బిగుతుగా దూర్చి, అప్పుడు అడ్డ గాడి కోయండి. పేడు ఆనుకుని ఉంటే మూల విరగదు. తర్వాత తీసేయండి.

పలకకీ మూతకీ అంచుల్లో గాడిలోకి దూరేలా 3 మిల్లీమీటర్ల మందం నాలుక వదలాలి. నాలుక గాడి అడుగుకి తగలకూడదు, అర మిల్లీమీటరు ఖాళీ ఉంచండి. వేసవిలో విజయవాడలో నేను చేసిన పెట్టె వానాకాలం రాగానే బిగుసుకుపోయింది. ఎంత టెన్షన్ పడ్డానో! చెక్క పొడవునా పెద్దగా మారదు, అడ్డంగా ఉబ్బుతుంది. ఆ అర మిల్లీమీటరు దాని కోసమే.

ఇక బిగుతు. చిత్రికతో ఒక్కసారి తీయండి, దూర్చి చూడండి, మళ్లీ ఒక్కసారి. ఎక్కువ తీస్తే పెట్టె చేతిలోకి తీసుకోగానే పలక దానంతటదే కిందకి జారిపోతుంది, గుట్టు బయటపడిపోతుంది. తక్కువ తీస్తే కదలదు. వేలితో నొక్కితే కదలాలి, వదిలితే అక్కడే ఆగాలి. ఈ మెట్టు దగ్గర తొందరపడకండి. నాకు ఈ ఒక్క పలకకే ఒక పూట పట్టింది.

పలక ఎంత దిగాలి? మూత మందం 6, కాబట్టి 7 మిల్లీమీటర్లు. అంతకు మించి దిగకుండా పలక వెనక వైపు 11 మిల్లీమీటర్ల పొడవు, 3 లోతు గాడి తీయండి. పలక వెనక ఉన్న లోపలి గోడకి ఒక రంధ్రం పెట్టి, 4 మిల్లీమీటర్ల వెదురు పుల్ల సిద్ధం చేసుకోండి. ఈ లోపలి గోడ మూత అడుగు వరకే ఉండాలి, లేకపోతే మూత దాటదు.

బిగించే వరుస ఇది. నాలుగు గోడలూ (పొడవువి రెండు, ఎడమది, లోపలిది) అడుగూ బంకతో అతికించి ఒక రాత్రి ఆరనివ్వండి. గాళ్లలోకి బంక కారకుండా చూసుకోండి. పలకను కింద నుంచి ఎక్కించండి. పెట్టె లోపలి నుంచి పుల్లను రంధ్రంలోకి నెట్టండి, దాని కొస పలక గాడిలోకి దిగుతుంది. ఇక పలక ఊడదు, 7 మిల్లీమీటర్లే ఆడుతుంది. పలక దింపి, మూత తోసి, పలక పైకి...

టిక్. విన్నారా? పలక పైఅంచు, మూత పైభాగం ఒకే మట్టంలో ఉన్నాయి. వేలు అటూ ఇటూ పోనిస్తే అతుకు తెలియడం లేదు. ఇప్పుడు దీన్ని మా అమ్మాయి చేతికి ఇస్తున్నా. లోపల ఒక చాక్లెట్ పెట్టాను.