బొజ్జా తారకం: బాధితుల పక్షాన నిలిచిన వకీలు

శ్రోతలకు నమస్కారం. పౌరహక్కుల న్యాయవాదిగా, కవిగా, దళిత ఉద్యమ నాయకుడిగా తెలుగువారికి పరిచితులైన బొజ్జా తారకం గారి వృత్తి జీవితాన్ని గురించి ఈ ప్రసంగంలో చెప్పదలచుకున్నాను.

తారకం 1939లో తూర్పుగోదావరి జిల్లా కందికుప్పలో జన్మించారు. తండ్రి అప్పలస్వామి షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ తరఫున శాసనసభకు ఎన్నికైన నాయకుడు కావడంతో అంబేద్కర్ ఆలోచనా విధానం ఆయనకు ఇంటినుంచే అందింది. నిజామాబాద్‌లో న్యాయవాద వృత్తి చేస్తూ, అక్కడి దళిత యువకులను అంబేద్కర్ పేరిట సంఘటితం చేశారు. అత్యవసర పరిస్థితి కాలంలో జైలుకు వెళ్లారు. ఆ తరువాత హైదరాబాదు చేరి హైకోర్టులో ప్రాక్టీసు సాగించారు.

పోలీసులు అరెస్టు చేస్తే మనిషికి ఉండే హక్కులేమిటో సామాన్యులకు అర్థమయ్యే తెలుగులో ఆయన ఒక పుస్తకం రాశారు. అరెస్టుకు కారణం చెప్పాలని, ఇష్టమైన వకీలును సంప్రదించుకోనివ్వాలని, ప్రయాణ సమయం మినహా 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలని రాజ్యాంగం 22వ అధికరణంలోనే ఉంది. అయితే ఆ మాట లాకప్‌లో ఉన్న కూలీకి తెలియకపోతే అది కాగితం మీదే మిగిలిపోతుంది. కక్షిదారు తన దగ్గరికి రాకముందే చట్టాన్ని అతని చేతికి అందించాలని ఒక వకీలు పూనుకోవడం నా దృష్టిలో గొప్ప కేసు గెలవడంకన్నా తక్కువేమీ కాదు.

1985 జులై నాటికి ఆయన హైకోర్టులో గవర్నమెంటు ప్లీడరు. ప్రకాశం జిల్లా కారంచేడులో మాదిగలు తాగే చెరువు నీటిని గేదెల కుడితి బకెట్టు కడిగి పాడుచేయడాన్ని ప్రశ్నించినందుకు గొడవ రేగింది. కొట్టడానికి వచ్చినవారిని మున్నంగి సువార్త అనే మహిళ తన బిందె ఎత్తి ఎదిరించింది. మరునాడు, జులై 17న, మాదిగపల్లె మీద దాడి జరిగి ఆరుగురు హతులయ్యారు. తారకం తన పదవికి రాజీనామా ఇచ్చి, చీరాలలో తలదాచుకున్న బాధితుల పక్షాన నిలిచారు. కత్తి పద్మారావు తదితరులతో కలిసి దళిత మహాసభను నిర్మించారు. ప్రభుత్వ వకీలుగా ఉండి ఆ బాధితుల కోసం అదే ప్రభుత్వాన్ని నిలదీయడం కుదరదు కాబట్టి, ఆ రాజీనామాను ఆవేశపు నిర్ణయంగా కాక, వృత్తి ధర్మం తెలిసిన వకీలు చేయవలసిన పనిగానే నేను చూస్తాను. కింది కోర్టు వేసిన శిక్షలను హైకోర్టు కొట్టివేసినా కేసు సుప్రీంకోర్టుదాకా నడిచింది. 2008 డిసెంబరులో ప్రధాన నిందితుడికి యావజ్జీవం, మరో 29 మందికి మూడేళ్ల చొప్పున జైలు శిక్ష ఖరారయ్యాయి. అప్పటికి 23 ఏళ్లు గడిచాయి.

1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపి, శవాలను గోనెసంచుల్లో కుక్కి కాలువలో పడేశారు. ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టం కింద ప్రత్యేక కోర్టును నేరం జరిగిన ఊళ్లోనే పెట్టాలని బాధితులు పట్టుబట్టి సాధించుకున్న పోరాటంలో తారకం ముందున్నారు. ఇందులోని సూక్ష్మం గ్రహించాలి. కూలికి పోతేగాని పూట గడవని సాక్షి వాయిదా వాయిదాకీ పట్నం వెళ్లాలంటే ఆ రోజు కూలి పోతుంది, బస్సు చార్జీ పడుతుంది, దారిలో బెదిరింపులూ ఎదురవుతాయి. సాక్షులు అలా అలసిపోయి మాట మార్చుకోవడం వల్లనే ఎన్నో కేసులు నీరుగారిపోయాయి. చుండూరులో న్యాయమూర్తే ఊరికి వచ్చారు, సాక్షులు తమ వాడలోంచి నడిచి వెళ్లి సాక్ష్యం చెప్పారు. 2007లో ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు విధించింది.

2014లో హైకోర్టు సాక్ష్యం చాలదంటూ ఆ శిక్షలన్నిటినీ రద్దు చేసింది. వందలమంది మూకగా వచ్చి తరిమి చంపిన చోట, ప్రాణభయంతో పరుగెత్తిన మనిషినుంచి ఎవరు ఎవరిని ఏ క్షణాన కొట్టారో తేల్చిచెప్పే సాక్ష్యం ఆశించడం న్యాయం కాదని నా దృఢాభిప్రాయం. ఈ కేసు కూడా సుప్రీంకోర్టు గడప తొక్కింది.

తారకం 2016 సెప్టెంబరు 16న హైదరాబాదులో కన్నుమూశారు. అదే ఏడాది జనవరి 26న అమల్లోకి వచ్చిన సవరణతో, బాధితులకూ సాక్షులకూ రక్షణ కల్పించడం, విచారణ కాలంలో ప్రయాణ ఖర్చులు, భరణం ఇవ్వడం అత్యాచారాల నిరోధక చట్టంలోనే ప్రభుత్వ బాధ్యతగా చేరాయి.