జంట పికప్‌లను కన్నది కోడి తగాదానే!

అమెరికాలో ఫోర్డ్ రేంజర్ పికప్‌కు (వెనక సరుకు తొట్టి ఉన్న చిన్న ట్రక్కు) జపాన్ కంపెనీ మాజ్దా పేరు తగిలించి అమ్మారని, కొన్నవాళ్లను నిలువునా ముంచారని ఏళ్ల తరబడి సాగుతున్న గొడవ ఒకటుంది. నన్నడిగితే, ఇన్నాళ్లూ అందరూ దోషిని తప్పుడు చోట వెతుకుతున్నారు. అమెరికాలో ఒకే పికప్ రెండు పేర్లతో తిరగడానికి అసలు కారణం కోడిమాంసం మీద వచ్చిన తగాదా!

అమెరికా కోడిమాంసంపై యూరప్ ఉమ్మడి మార్కెట్ దేశాలు సుంకం పెంచినందుకు ప్రతీకారంగా, 1963 డిసెంబరులో అధ్యక్షుడు లిండన్ జాన్సన్ బ్రాందీ, బంగాళాదుంప గంజిపొడి, డెక్‌స్ట్రిన్ (గంజిపొడి నుంచి తీసే జిగురు పదార్థం)లతో పాటు తేలికపాటి ట్రక్కుల దిగుమతిపైనా 25 శాతం సుంకం ప్రకటించారు. మిగతావాటికి కాలక్రమంలో విముక్తి దొరికింది గానీ, ట్రక్కుల మెడకు చుట్టుకున్నది మాత్రం అర్ధ శతాబ్దం దాటినా వదలలేదు.

1970లలో కంపెనీలు దీనికి ఒక ఉపాయం కనిపెట్టాయి. జపాన్‌లో మాజ్దా తయారుచేసిన ఫోర్డ్ కొరియర్, ఇసుజు తయారుచేసిన షెవ్రొలే ఎల్‌యూవీ పికప్‌లు వెనక తొట్టి లేకుండా ఓడ ఎక్కేవి. అలా వస్తే సుంకం 4 శాతమే కాబట్టి, అమెరికాలో దిగాకే తొట్టి బిగించేవారు. 1980లో ప్రభుత్వం ఆ సందు కూడా మూసేసింది.

ఇక అమెరికాలోనే తయారు కావడం తప్ప మార్గం లేకపోయింది. 1994 మోడల్ నుంచి అక్కడి మాజ్దా బి-సిరీస్ పికప్‌ను ఫోర్డ్ తన ఫ్యాక్టరీలోనే రేంజర్‌తో పాటు తయారుచేసింది. గ్రిల్లు, ముందు ఫెండర్లు, తొట్టి పక్కరేకులు మార్చారు. క్యాబిన్, ఛాసిస్, ఇంజిన్ ఫోర్డ్‌వే. బండి మీది పేరే ఈ సంగతి దాచుకోలేదు: బి3000 అంటే ఫోర్డ్ 3.0 లీటర్ల ఇంజిన్, బి4000 అంటే ఫోర్డ్ 4.0 లీటర్ల ఇంజిన్. అంత బాహాటంగా రాసిపెట్టిన దాన్ని మోసమని ఎలా అంటారు? పైగా మాజ్దా తయారుచేసిన కొరియర్‌ను ఫోర్డ్ తన పేరుతో అమ్ముకున్నప్పుడు ఈ కోపం ఎక్కడికి పోయింది?

ఆ తర్వాత వచ్చినవీ ఇదే బాట పట్టాయి. 2006 మోడల్‌గా ఇసుజు ఐ-సిరీస్ షెవ్రొలే కొలరాడో నుంచి, మిత్సుబిషి రైడర్ డాడ్జ్ డకోటా నుంచి పుట్టాయి. 2009 మోడల్‌గా వచ్చిన సుజుకి ఈక్వేటర్‌కు నిస్సాన్ ఫ్రాంటియర్ మూలం. అమెరికాలో అప్పటికి సొంత పికప్ తయారీ లేని జపాన్ కంపెనీలే ఇవన్నీ. ఇది కాకతాళీయమంటే నేను ఒప్పుకోను.

థాయిలాండ్‌లోనూ ఇలాంటి జంటలు తయారవుతున్నాయి కదా అని కొందరు అడుగుతారు. నిజమే, నేటి మాజ్దా బీటీ-50కి ఇసుజు డీ-మ్యాక్సే ఆధారం. అక్కడ అభివృద్ధి ఖర్చు పంచుకోవడం ముఖ్యం కాబట్టి ఆ లెక్క వేరు.

నా వాదన తప్పని అనుకునేవారు ఒక్కదానికి జవాబు రాయండి. ఆ 25 శాతం సుంకం అడ్డు లేకపోతే, సుజుకి తన పికప్‌ను టెనెసీలోని నిస్సాన్ ఫ్యాక్టరీలో ఎందుకు తయారు చేయించుకునేది?