ఫోన్-ఇన్: కడుపులో పురుగులు, ఒంట్లో రక్తం, కాళ్ల కింద మట్టి

యాంకర్: నమస్కారం. ఎల్లుండే ఆగస్టు 10. బళ్లలో, అంగన్‌వాడీల్లో పిల్లలకు నులిపురుగుల మాత్ర వేసే రోజు. ప్రజారోగ్య విభాగంలో చాలా ఏళ్లు పనిచేసిన డాక్టర్ మేడమ్ గారు మనతో ఉన్నారు. మొదటి ఫోన్ నల్గొండ జిల్లా నుంచి. చెప్పండి పెద్దమ్మా.

కాలర్: బిడ్డా, మా మనుమడికి ఆరేళ్లు. నిద్రలో పళ్లు పటపటా కొరుకుతాడు. బెల్లం తినొద్దంటే వినడు. కడుపులో పురుగులు పడ్డట్టేనా?

డాక్టర్: పళ్లు కొరకడానికి వేరే కారణాలు చాలా ఉంటాయమ్మా, అది చూసి పురుగులున్నాయని చెప్పలేం. తీపి తింటే పురుగులు పుట్టవు కూడా. గుడ్లు నోట్లోకి వెళ్తేనే వస్తాయి. రాత్రిపూట బాబు వెనక గోక్కుంటాడా?

కాలర్: అవునమ్మా, నిద్ర సరిగ్గా పట్టదు వానికి. మీదికెళ్లి వాని చెల్లెకు కూడా మొదలైంది.

డాక్టర్: అదీ అసలు గుర్తు. పిల్లాడు నిద్రపోయిన రెండు మూడు గంటలకు టార్చి వేసి చూడండి. మలద్వారం దగ్గర తెల్లటి దారప్పోగుల్లా, సెంటీమీటరు పొడవున కదులుతూ కనిపిస్తాయి. ఆడ పురుగు గుడ్లు పెట్టడానికి రాత్రిపూట బయటికొస్తుంది, అందుకే ఆ దురద. పిల్లాడు గోకుతాడు, గోళ్లలో గుడ్లు ఇరుక్కుంటాయి, తెల్లారి అదే చేత్తో బిస్కెట్ తింటాడు. చెల్లితో ఒకే దుప్పటి కదా? అందుకే ఇంట్లో అందరూ ఒకే రోజు మందు వేసుకోవాలి, రెండు వారాలకు మళ్లీ వేసుకోవాలి. మందు పురుగునే చంపుతుంది, గుడ్లు మిగిలిపోతాయి. ఎవరికెంత మోతాదో పీహెచ్‌సీలో అడగండి, కోడలు కడుపుతో ఉంటే ఆ సంగతి ముందే చెప్పండి. గోళ్లు కత్తిరించండి, పొద్దున్నే స్నానం చేయించండి, దుప్పట్లు వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేయండి. బాబును మాత్రం తిట్టొద్దమ్మా, వాడి తప్పేం లేదు.

యాంకర్: కోనసీమ నుంచి ఇంకో అమ్మ లైన్లో ఉన్నారు.

కాలర్: నమస్తే అండి మేడం గారు. నాకు 34 ఏళ్లండి. అరటి తోటల్లో కూలికెళ్తానండి. నాలుగు మెట్లెక్కితే ఆయాసం, గుండె దడదడలాడుతుందండి. రక్తం 7.4 ఉందన్నారు. ఆరు నెలల్నుంచి ఐరన్ మాత్రలు మింగుతూనే ఉన్నానండి, పెరగట్లేదు.

డాక్టర్: 7.4 అంటే బాగా తక్కువమ్మా. ఈ వారంలోనే ఆసుపత్రికి వెళ్లాలి. తోటలో చెప్పులు వేసుకుంటారా?

కాలర్: లేదండి, బురదలో కూరుకుపోతాయండి. వానాకాలం కాలి వేళ్ల మధ్య దురద, ఎర్రగా పొక్కులు వస్తాయండి. తోటలోనే ఒకటికీ రెంటికీ వెళ్లేవాళ్లున్నారండి.

డాక్టర్: ఈ మాట ముందే చెప్పాల్సింది తల్లీ. కొంకి పురుగని ఒకటుంది. మలంతో నేల మీద పడ్డ దాని గుడ్లు నీడ, తడి, వదులు మట్టి ఉంటే పిల్లలవుతాయి. ఆ పిల్లలు చెప్పుల్లేని కాలి చర్మంలోంచి లోపలికి దూరతాయి. ఆ దురద దానివల్లే కావచ్చు. రక్తంలో పడి ఊపిరితిత్తులకు, అక్కణ్నుంచి గొంతుకు ఎక్కి, మింగినప్పుడు పేగుల్లోకి చేరతాయి. పేగు గోడను కరిచి పట్టుకుని రక్తం పీలుస్తాయి. రకాన్ని బట్టి ఒక్కో పురుగు రోజుకు అరచుక్క నుంచి మూడు నాలుగు చుక్కల దాకా. వంద పురుగులుంటే లెక్కేసుకోండి. కుండకు చిల్లి ఉంటే ఎన్ని నీళ్లు పోసినా నిండుతుందా? మీ ఐరన్ మాత్రల సంగతీ అలాగే ఉండొచ్చు. నెలసరి ఎక్కువ అవుతుందా అని కూడా డాక్టరు చూస్తారు, అదీ చెప్పండి. మలపరీక్ష అడగండి. మాత్రలు మాత్రం మానొద్దు, టీతో కలిపి వేసుకోవద్దు, నిమ్మరసం మంచిది.

నాకు మనసులో ఉన్న బాధ ఒకటి చెప్తాను. 2015లో మొదలైన ఈ నులిపురుగుల దినం ప్రధానంగా ఏడాది నుంచి 19 ఏళ్ల వాళ్లకు. ఈ అమ్మ లాంటి వాళ్లు అందులో లేరు. పురుగుల బెడద ఉన్న చోట పిల్లలను కనే వయసు ఆడవాళ్లకూ మందు ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. అందరికీ పురుగుల వల్లేనని అనను. కానీ తోటల్లో, పొలాల్లో వట్టి కాళ్లతో పనిచేసే ఆడవాళ్లకు రక్తం తక్కువుంటే పురుగుల సంగతి కూడా అడగాలి కదా.

యాంకర్: తర్వాత వరంగల్ నుంచి ఒక తండ్రి.

కాలర్: మేడమ్, మాత్ర వేశాక పిల్లలు వాంతులు చేసుకున్నారని వాట్సాప్‌లో వీడియో వచ్చింది. మా పాపకు ఏ జబ్బూ లేదు. ఎందుకు వేయించాలి? టెన్షన్‌గా ఉంది.

డాక్టర్: మీ భయం అర్థమైంది. కడుపులో పురుగులు ఎక్కువున్న పిల్లలకు, అవి చచ్చేటప్పుడు కాసేపు కడుపునొప్పి, వికారం, వాంతి రావచ్చు. నీడలో పడుకోబెట్టి నీళ్లిస్తే సాధారణంగా తగ్గిపోతుంది. జబ్బు లేదంటున్నారు, కానీ చాలామంది పిల్లల్లో ఈ పురుగులు చప్పుడు చేయవు. పేగుల్లో ఉండే ఏలికపాము అనే పొడవాటి పురుగు, ఆడది ఒక్కటే రోజుకు రెండు లక్షల దాకా గుడ్లు పెడుతుంది. ప్రపంచంలో సుమారు 150 కోట్ల మందికి మట్టి ద్వారా వచ్చే పురుగులున్నాయి. ప్రతి పిల్లకూ మలపరీక్ష చేయిస్తే మాత్ర కంటే ఎన్నో రెట్లు ఖర్చు, అందుకే అందరికీ వేస్తారు. మాత్ర నమిలి మింగాలి. రెండేళ్ల లోపు వాళ్లకు సగం మాత్రే, అదీ పొడి చేసి నీళ్లలో కలిపి. ఏడుస్తున్న పిల్లల నోట్లో బలవంతంగా పెట్టొద్దు, గొంతులో అడ్డుపడుతుంది. ఆ రోజు జ్వరముంటే ఆపి, తర్వాత మాప్-అప్ రోజున, అంటే మొదటి రోజు తప్పిపోయిన వాళ్లకు వేసే రోజున వేయించండి.

యాంకర్: చివరి ఫోన్ పాడేరు వైపు నుంచి. మాస్టారూ, చెప్పండి.

కాలర్: మేడమ్, ఏటా రెండుసార్లు మాత్రలు వేస్తున్నాం. అయినా ఆరు నెలలకు మళ్లీ అదే పిల్లలకు అదే కడుపునొప్పి. మందు పనిచేయట్లేదా?

డాక్టర్: మీ బడి మరుగుదొడ్డిలో నీళ్లొస్తున్నాయా మాస్టారూ?

కాలర్: మోటారు పాడై నెలైందండి. పిల్లలు వెనక కాఫీ తోటలోకి వెళ్తున్నారు.

డాక్టర్: మాత్ర కడుపులో ఉన్నవాటినే చంపుతుంది, రేపు ఎక్కేవాటిని ఆపదు. ఈ రోజు తోటలో పడ్డ కొంకి పురుగు గుడ్డు వారం పది రోజుల్లో కాలిలోకి దూరే పిల్ల అవుతుంది. అదే దారిన చెప్పుల్లేకుండా మళ్లీ మన పిల్లలే నడుస్తారు. మోటారు ఎప్పటికి బాగవుతుంది?

కాలర్: మెకానిక్ కింద నుంచి రావాలండి. ఈ వారంలో రప్పిస్తాను.

డాక్టర్: అప్పటిదాకా మరుగుదొడ్డి దగ్గర రెండు డ్రమ్ముల నీళ్లు పెట్టించండి. మగ్గు, సబ్బు కూడా. సబ్బుకు తాడు కట్టి వేలాడదీయండి, లేకపోతే సాయంత్రానికి ఉండదు.