రాపిడే కట్టే కవచం: ఇంజన్ ఆయిల్‌లోని జెడ్‌డీడీపీ లోహం మీద ఏం చేస్తుంది?

[తెర మీద: తిరుగుతున్న క్యామ్‌షాఫ్ట్. క్యామ్ ముక్కు ట్యాపెట్‌ను నొక్కే చోటికి కెమెరా దగ్గరవుతుంది.]

ఇంజన్‌లో వాల్వులు తెరిచే క్యామ్ ఇది. దీని ముక్కు, వాల్వును తోసే ట్యాపెట్ మీద జారేటప్పుడు ఆ కాస్త చోట పడే ఒత్తిడి ఒక గిగాపాస్కల్ దాకా వెళ్తుంది. మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి దాదాపు పదివేల రెట్లు! ఇంజన్ జోరుగా తిరుగుతున్నంతసేపూ ఆయిల్ ఆ సందులోకి దూరి రెండు లోహాలనూ విడదీస్తూ ఉంటుంది. వేగం తగ్గినప్పుడు, పొద్దున్నే బండి స్టార్ట్ చేసినప్పుడు మాత్రం ఆయిల్ పొర మరీ పలచబడిపోతుంది. ఎంత పాలిష్ చేసినా లోహం మీద మిగిలిపోయే గరుకు మొనలు అప్పుడు ఒకదానికొకటి తగులుతాయి.

అయినా ఏళ్ల తరబడి తిరిగిన బండిలో కూడా క్యామ్ సాధారణంగా బాగానే ఉంటుంది. అక్కడ లోహం మీద ఒక పొర పట్టి ఉంటుంది కాబట్టి. దాని మందం సుమారు 100 నానోమీటర్లు, పచ్చరంగు కాంతి తరంగం పొడవులో ఐదోవంతు. ఈ వీడియో అంతా ఆ పొర గురించే.

[తెర మీద: అణువు బొమ్మ. మధ్యలో జింక్, చుట్టూ నాలుగు గంధకం పరమాణువులు, రెండు పక్కలా ఫాస్ఫరస్.]

ఈ పొరకు ముడిసరుకు జింక్ డైఆల్కైల్ డైథయోఫాస్ఫేట్. నోరు తిరగని పేరు కాబట్టి అందరూ జెడ్‌డీడీపీ అనే అంటారు. 1940లలో దీన్ని ఆయిల్‌లో కలపడం మొదలుపెట్టింది అరుగుదలను ఆపడానికి కాదు. ఆయిల్ గాలి తగిలి పాడవకుండా, బేరింగుల లోహాన్ని తినేయకుండా ఉంటుందని వేశారు. అరుగుదలను కూడా ఆపుతోందని తర్వాత తేలింది, 1950ల నాటికి అదే దాని అసలు పని అయింది. ఎనభై ఏళ్లు దాటినా దీన్ని పూర్తిగా పక్కన పెట్టగల సరుకు ఇంకా మార్కెట్‌లోకి రాలేదు. రసాయన పరిశ్రమలో ఇంతకాలం కుర్చీ దిగని పదార్థాలు చాలా తక్కువ.

ఇది లోహం మీద పొర ఎలా కడుతుంది? కొత్త ఇనుప పెనానికి నూనె రాసి పదేపదే కాలిస్తే నల్లటి పొర పడుతుంది కదా, అలాంటిదే అనుకోవడం సహజం. వేడి చేస్తే జెడ్‌డీడీపీ కూడా పొర కడుతుంది, నిజమే, కానీ దానికి సుమారు 150 డిగ్రీల వేడి కావాలి. రాపిడి ఉంటే అంత వేడి అక్కర్లేదు, గది ఉష్ణోగ్రతలో కూడా నెమ్మదిగా పొర పడుతుంది. పెనం మీద నూనె రాసినంత మేరా పొర పడుతుంది. ఇక్కడ రాపిడి పడిన దారిలోనే పడుతుంది, పక్కనున్న లోహం అదే ఆయిల్‌లో మునిగి ఉన్నా మామూలుగానే ఉంటుంది.

[తెర మీద: ప్రయోగశాల యంత్రం. గిన్నెలో వేడి ఆయిల్, అందులో మునిగిన ఉక్కు పళ్లెం, దాని మీద గుండు.]

దీన్ని కళ్లారా చూపించే యంత్రం ఒకటుంది, మినీ ట్రాక్షన్ మెషీన్. ముప్పావు అంగుళం ఉక్కు గుండు, 46 మిల్లీమీటర్ల ఉక్కు పళ్లెం. రెండూ తిరుగుతాయి గానీ వేగాలు వేరు, అందుకే దొర్లుతూనే కాస్త జారుతుంటాయి. కొన్ని నిమిషాలకోసారి యంత్రాన్ని ఆపి, గుండును ఒక గాజు బిళ్లకు అదిమి పట్టి, పై నుంచి తెల్ల కాంతి వేసి ఫొటో తీస్తారు. గాజు మీద పలచటి క్రోమియం పూత, దాని మీద సిలికా పూత ఉంటాయి. వాటి వల్ల కాంతి తరంగాలు ఒకదానితో ఒకటి కలిసి రంగులు పుట్టిస్తాయి, రంగును బట్టి పొర మందం లెక్క కడతారు.

మొదటి ఫొటోలో రంగు అంతటా ఒకేలా ఉంటుంది. తర్వాతి ఫొటోల్లో అక్కడక్కడా మచ్చలు లేస్తాయి. ఆ మచ్చలు పెరుగుతాయి, జారే దిశలో సాగుతాయి, ఒకదాన్నొకటి అంటుకుంటాయి. చివరికి కూడా నున్నటి పూతలా ఉండదు. కొన్ని మైక్రాన్ల వెడల్పున్న దిబ్బలు, వాటి మధ్య లోయలు. ఈ ఫొటోల వరస నాకెంత ఇష్టమో చెప్పలేను. కంటికి అందని రసాయన చర్య రంగు మారుతూ మన ముందే నడుస్తుంది!

కింద లోహం ఎంత అరిగిందో చూడాలంటే ఈ పొరను తీసేయాలి. దానికి గీకనక్కర్లేదు. ఈడీటీఏ ద్రావణం ఒక చుక్క వేసి నిమిషం సేపు ఉంచితే పొరలోని జింక్‌ను అది పట్టేసుకుంటుంది, పొర కరిగిపోతుంది. తుడిస్తే కింద ఉక్కు బయటపడుతుంది.

[తెర మీద: పొర అడ్డకోత. కింద ఉక్కు, ఆపైన సల్ఫైడ్లు, ఆపైన ఫాస్ఫేట్ గాజు.]

పొరలో ఎక్కువ భాగం జింక్ ఫాస్ఫేట్, గాజులాంటి పదార్థం. ఉక్కుకు దగ్గరగా గంధకం సమ్మేళనాలు ఎక్కువ. కిటికీ అద్దం లాంటి పెళుసు సరుకు అనుకోకండి, అంత ఒత్తిడి కింద ఇది కాస్త ఒదుగుతుంది.

ఇక చాలా కాలం తేలని ప్రశ్న. రాపిడిలో పొర కట్టించేది ఏది? రాపిడి పుట్టించే వేడా? పైపూత లేచిపోయి బయటపడే తాజా ఇనుమా? ఒత్తిడా?

2015లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో రాబర్ట్ కార్పిక్ బృందం దీన్ని ఒకే ఒక్క మొన మీదకు తెచ్చింది. ఆ పరిశోధనా పత్రానికి మొదటి రచయిత నిత్యానంద్ గోస్వామి. అతి సన్నటి సూదితో ఉపరితలాన్ని తడిమి చూసే అటామిక్ ఫోర్స్ మైక్రోస్కోప్ ఉంటుంది, దాని సూదిని జెడ్‌డీడీపీ కలిపిన వేడి నూనెలో ముంచి, ఐరన్ ఆక్సైడ్ పూత మీద అటూ ఇటూ నడిపారు. రాపిడికి, ఫొటోకు అదే సూది కాబట్టి పొర పెరుగుతుండగానే కొలిచారు. ఒత్తిడి పెంచేకొద్దీ పెరుగుదల వేగం ఏదో కాస్త కాదు, ఘాతాంక రీతిలో, అంటే రెట్ల మీద రెట్లుగా పెరిగింది. ఉష్ణోగ్రతతోనూ అంతే. అణువుల బంధాలు తెగడానికి దాటాల్సిన శక్తి అడ్డంకిని ఒత్తిడి కిందికి దించుతోందన్నమాట. పొర ఉక్కు కంటే మెత్తన కాబట్టి అది మందమయ్యేకొద్దీ భారం విశాలంగా పరుచుకుంటుంది, ఒత్తిడి తగ్గుతుంది, దాంతో పెరుగుదలా నెమ్మదిస్తుంది. పొర హద్దు లేకుండా పెరగకపోవడానికి వాళ్లు చెప్పిన కారణం ఇదే.

మరుసటి ఏడాది లండన్ ఇంపీరియల్ కాలేజీలో జాంగ్, హ్యూ స్పైక్స్ ఇంకో మెట్టు ఎక్కారు. లోహాలు అసలు తగలకుండా మధ్యలో పూర్తి నూనె పొర ఉంచి చూశారు. జారడానికి బాగా మొరాయించే నూనె వాడినప్పుడు రక్షణ పొర పడింది. తేలిగ్గా జారే నూనెతో పడలేదు. లోహం లోహాన్ని తాకనవసరం లేదు, నూనె అణువులను పక్కకు ఈడ్చే ఆ కోత ఒత్తిడి ఉంటే చాలని దీనితో తేలింది.

నాకు ఈ ఫలితమే అన్నిటికంటే గొప్పగా అనిపిస్తుంది. లోహాన్ని అరగదీయబోయే బలమే అణువును విరిచి కాపలా పొర కట్టిస్తోంది. ఎక్కువ ఒత్తిడి పడిన చోట పొర త్వరగా పడుతుంది.

[తెర మీద: ఆయిల్ డబ్బా వెనక లేబుల్. జాసో ఎంఏ2 అన్న ముద్ర.]

దీనికీ ఇబ్బందులున్నాయి. దిబ్బలు దిబ్బలుగా ఉన్న పొర నూనెను సందులోకి సాఫీగా రానివ్వదు, ఘర్షణ కొంచెం పెరుగుతుంది. కాలిన ఆయిల్‌తో పొగగొట్టంలోకి వెళ్లిన ఫాస్ఫరస్ అక్కడ పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను పాడుచేస్తుంది. అందుకే 2004లో వచ్చిన జీఎఫ్-4 ప్రమాణం కారు ఇంజన్ల పలచటి ఆయిల్‌లో ఫాస్ఫరస్‌ను 0.08 శాతం దాటనివ్వలేదు. బైకుల కోసం జపాన్ పెట్టిన జాసో ప్రమాణం 0.08 నుంచి 0.12 శాతం దాకా ఒప్పుకుంటుంది.

గేర్ల బండి ఉన్నవాళ్లు ఇక్కడ ఇంకో సంగతి పట్టించుకోవాలి. ఘర్షణ తగ్గించడానికి కొన్ని కారు ఆయిల్స్‌లో మాలిబ్డినం సమ్మేళనం కలుపుతారు. అది రాపిడిలో మాలిబ్డినం డైసల్ఫైడ్ రేకులుగా మారుతుంది, రేకు మీద రేకు జారిపోతుంది. ఇంజన్‌కు మేలే. కానీ మన బైకుల్లో చాలావాటికి ఇంజన్‌కు, గేర్లకు, క్లచ్ ప్లేట్లకు ఒకటే ఆయిల్. ఇంజన్‌లో కావాల్సిన జారుడే క్లచ్‌కు చేటు. ఎక్సలేటర్ ఇస్తే ఇంజన్ అరుస్తుంది, బండి మాత్రం లాగదు. క్లచ్ పట్టు నిలవాలనే గేర్ల బండికి ఎంఏ, ఎంఏ2 తరగతులు పెట్టారు. డ్రై క్లచ్ ఉండే స్కూటర్లకు ఎంబీ.

షాపులో వేరే చిన్న సీసాలో అమ్మే మందును ఆయిల్‌లో కలపొచ్చా అని చాలామంది అడుగుతారు. నా మాటైతే వద్దు. లోహం మీద చోటు తక్కువ. మసిని తేలేట్టు చేసే డిస్పర్సెంట్లు, మడ్డిని కడిగే డిటర్జెంట్లు, జెడ్‌డీడీపీ అన్నీ దాని కోసమే పోటీ పడతాయి. కొన్ని రకాల డిస్పర్సెంట్లు జెడ్‌డీడీపీనే పట్టేసుకుని పొర పడకుండా ఆపుతాయి. డబ్బాలో ఆ పాళ్లన్నీ ఒకదానికొకటి సరిచూసి కలిపి ఉంటాయి. బయటి నుంచి ఇంకోటి పోస్తే ఆ పోటీలో ఎవరిది పైచేయి అవుతుందో బండి యజమాని ఇంట్లో తేల్చుకోలేడు. మీ బండి మాన్యువల్‌లో రాసిన గ్రేడ్, జాసో తరగతి చూసి ఆ డబ్బానే కొనండి, చెప్పిన కిలోమీటర్లకు మార్చండి. తిరిగేకొద్దీ ఆయిల్‌లోని జెడ్‌డీడీపీ ఖర్చవుతూ పోతుంది, గడువు దాటిన ఆయిల్‌లో అరిగిన పొరను మళ్లీ కట్టడానికి సరుకు మిగలదు.