కార్డు నుంచి పైసలు పోయాయా? ముందు ఫోన్, వెంటనే కాగితం

నమస్తే. నర్సంపేట నుంచి ఒక తమ్ముడు పంపిన వాయిస్ మెసేజ్‌తో మొదలుపెడదాం. "అన్నా, మా బాపు కార్డు నుంచి రాత్రి పైసలు కట్ అయినయ్. ఓటీపీ ఎవ్వలకు చెప్పలే. బ్యాంకుకు పోతే, మీరే చెప్పి ఉంటరు, మేమేం జేస్తం అంటున్నరు. ఇగ అంతేనా?"

అంతే కాదు తమ్ముడూ. "మీరే చెప్పి ఉంటారు" అన్నది కౌంటర్‌లో కూర్చున్నాయన అభిప్రాయం. 2017 జూలై 6న రిజర్వ్ బ్యాంకు ఒక సర్క్యులర్ ఇచ్చింది. తప్పు కస్టమర్‌దేనని రుజువు చేయాల్సిన బాధ్యత బ్యాంకు మీదే ఉందని అందులో స్పష్టంగా రాసి ఉంది. ఈ సంగతి తెలియక, ఆ ఒక్క మాటకే మనవాళ్లు తల దించుకుని బయటికొచ్చేస్తున్నారు.

ఆ సర్క్యులర్‌లో ఇంకా ఏముందంటే, తప్పు బ్యాంకుదైతే మీ మీద పైసా భారం పడదు. బ్యాంకు తప్పూ లేదు, మీ తప్పూ లేదు, మధ్యలో ఇంకెవడో కొట్టేశాడు అనుకోండి. అప్పుడు బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చాక 3 పని దినాల్లోపు చెబితే మీకు నష్టం లేదు. 4 నుంచి 7 పని దినాల మధ్య చెబితే, మామూలు సేవింగ్స్ ఖాతాకు ఒక్కో లావాదేవీ మీద మీరు భరించేది 10,000 రూపాయలకు మించదు. బేసిక్ సేవింగ్స్ ఖాతాకైతే, అంటే జన్‌ధన్ లాంటి జీరో బ్యాలెన్స్ ఖాతాకైతే, 5,000. 7 పని దినాలు దాటితే ఆ బ్యాంకు పాలసీ ఎలా ఉంటే అలా. మెసేజ్ వచ్చిన రోజు లెక్కలోకి రాదు. రెండో శనివారం ముందు శుక్రవారం రాత్రి పైసలు పోయాయనుకుంటే, ఆ రెండు రోజులూ సెలవులు కాబట్టి మీ లెక్క సోమవారం మొదలై బుధవారంతో ముగుస్తుంది.

అలాగని బుధవారం దాకా ఆగేరు! ఆ గడువు బ్యాంకుకూ మీకూ మధ్యన. దొంగకు గడువులేమీ ఉండవు. డబ్బు వాడి చేతికి చిక్కిన నిమిషాల్లోనే ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు, అక్కడి నుంచి నాలుగింటికి పోతుంది. ఎక్కడో ఒకచోట అది ఆగాలంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. అర్ధరాత్రి అయినా సరే. కట్ అయిన మొత్తం, టైమ్, మెసేజ్‌లో ఉన్న రిఫరెన్స్ నంబర్ దగ్గర పెట్టుకుని మాట్లాడండి. వాళ్లు ఇచ్చే ఫిర్యాదు నంబర్ రాసి పెట్టుకోండి. సైబర్‌క్రైమ్ డాట్ జీఓవీ డాట్ ఇన్‌లో కూడా నమోదు చేయొచ్చు.

కార్డు బ్లాక్ చేయించడానికి కస్టమర్ కేర్ నంబర్ కావాలి కదా. టెన్షన్‌లో ఉన్నప్పుడు గూగుల్‌లో వెతకడం అస్సలు వద్దు. దొంగలు బ్యాంకు పేరు మీద తమ నంబర్లు పెట్టి అక్కడే కాచుకుని ఉంటారు. నంబర్ కార్డు వెనకాలే ఉంటుంది. కార్డే పోతే ఎట్లా అంటారా? అందుకే ఈ వీడియో ఇక్కడ ఆపి, ఇప్పుడే ఆ నంబర్ ఫోన్‌లో సేవ్ చేసుకోండి. పర్లేదు, నేను ఆగుతాను.

ఇక బ్యాంకుకు వెళ్లడం. నోటితో చెప్పి, "చూస్తాం లెండి" అనిపించుకుని వస్తే మీరు వెళ్లనట్టే లెక్క. తెల్ల కాగితం మీద రాయండి: "ఫలానా తేదీన, ఫలానా టైమ్‌కు జరిగిన ఈ లావాదేవీ నేను చేయలేదు. పిన్, ఓటీపీ ఎవరికీ చెప్పలేదు. నా సొమ్ము నాకు జమ చేయండి." జిరాక్స్ మీద తేదీతో ముద్ర వేయించుకోండి. ముద్ర వేయం అంటే మెయిల్ పంపండి, దానికి టైమ్ దానంతటదే పడుతుంది. మీరు చెప్పిన 10 పని దినాల్లో ఆ మొత్తాన్ని బ్యాంకు తాత్కాలికంగా మీ ఖాతాలో వేయాలి, 90 రోజుల్లో కేసు తేల్చాలి. ఈ రోజులన్నీ మీరు బ్యాంకుకు చెప్పిన తేదీ నుంచి లెక్క, దానికి రుజువు ఆ ముద్ర.

ఒకవేళ ఓటీపీ నిజంగా చెప్పేశారనుకోండి. అప్పుడు చెప్పలేదని రాయకండి, దొరికిపోతారు. మీరు బ్యాంకుకు తెలిపే దాకా పోయినదంతా మీ నష్టమే. తెలిపాక పోయింది మాత్రం బ్యాంకు భరించాలి. అంటే తప్పు చేసినవాళ్లకే తొందర ఇంకా ఎక్కువ అవసరం. మనదగ్గర జరిగేది ఉల్టా. ఇంట్లో తిడతారని రెండు రోజులు దాచిపెడతారు.

మన ఏటీఎంల దగ్గర జరిగే పాత మోసం ఒకటుంది, ఇంకా ఆగలేదు. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి అమ్మిన పైసలు ఖాతాలో పడతాయి. పెద్దాయన ఏటీఎంకు వస్తాడు. మిషన్ అడిగేది అర్థం కాక తడబడుతుంటే వెనకాల నిలబడ్డ పిలగాడు "ఇటియ్యి కాకా, నేను తీసిస్త" అంటాడు. కాకా పిన్ చెప్పేస్తాడు. వాడు నిజంగానే పైసలు తీసి చేతిలో పెడతాడు, కార్డు కూడా ఇస్తాడు. అదే బ్యాంకు, అదే రంగు. మీద పేరు మాత్రం వేరే వాళ్లది. ఆ సంగతి బయటపడేది కాకా ఎరువుల షాపులో కార్డు గీకినప్పుడు. ఇలాంటి కేసులో దరఖాస్తులో ఒక లైను ఎక్కువ రాయండి: ఆ ఏటీఎం, ఆ టైమ్ సీసీ కెమెరా ఫుటేజీ భద్రపరచండి అని. ఆలస్యమైతే పాత ఫుటేజీ మీద కొత్తది పడిపోతుంది.

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు వాళ్లకు ఇంకో మాట. అన్న దుబాయ్‌లో ఉంటాడు, కార్డు ఇక్కడ వదిన దగ్గర ఉంటుంది, ఖాతాకు ఉన్నదేమో ఎప్పుడో రీచార్జ్ మానేసిన నంబర్. పిన్ కార్డు కవర్ మీదే రాసి ఉంటుంది. పైసలు కట్ అయినట్టు మెసేజ్ ఎవరికి పోవాలి చెప్పండి? వాడని నంబర్‌ను కంపెనీ కొన్నాళ్లకు వేరేవాళ్లకు ఇచ్చేస్తుంది కూడా. ఈసారి సెలవు మీద వచ్చినప్పుడు పెళ్లిళ్లు, దావత్‌ల మధ్య ఒక పూట బ్యాంకుకు కేటాయించి ఆ నంబర్ మార్పించండి.

"చలాన్", "పీఎం కిసాన్" అంటూ వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైల్ (ఫోన్‌లోకి యాప్ ఎక్కించే ఫైల్) నొక్కి ఇన్‌స్టాల్ చేస్తే ఓటీపీ మీరు చెప్పక్కర్లేదు, ఫోనే చెప్పేస్తుంది. నొక్కారా, వెంటనే నెట్ ఆపేసి, వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు, 1930కి మాట్లాడండి.

క్రెడిట్ కార్డుదైతే, మీరు చేయని లావాదేవీని డిస్ప్యూట్ అని రాసిచ్చి మిగతా బిల్లు టైమ్‌కు కట్టేయండి. మోసమని ఫిర్యాదు చేసిన మొత్తం మీద, అది తేలేదాకా చార్జీలు వేయకూడదు. విదేశీ సైట్లలో ఓటీపీ లేకుండానే కార్డు పనిచేయొచ్చు కాబట్టి, యాప్‌లో ఇంటర్నేషనల్ అన్నది ఆఫ్ చేసి పెట్టండి. హనుమకొండ చౌరస్తాలో చీర కొనడానికి అది అక్కర్లేదు.

బ్యాంకు 30 రోజుల్లో జవాబు ఇవ్వకపోయినా, ఇచ్చిన జవాబు మీకు నచ్చకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నాడు. ఫిర్యాదుకు ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. ముద్ర పడిన ఆ జిరాక్స్ అక్కడ జత చేయాలి.

1930 వాళ్లు ఎక్కడో ఖాతాలో ఆపిన సొమ్ము మాత్రం దానంతట అది రాకపోవచ్చు, కోర్టు ఉత్తర్వు అవసరం పడొచ్చు. 2024లో తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో లోక్ అదాలత్‌ల ద్వారా చాలామందికి ఇలా ఇప్పించింది. మీ కేసు సంగతి మీ పోలీస్ స్టేషన్‌లో అడగండి. సరిగ్గా ఈ దశలోనే మీకో ఫోన్ రావచ్చు: "మీ పైసలు హోల్డ్‌లో ఉన్నాయి, 2,000 కడితే రిలీజ్ చేస్తాం." మోసపోయినవాళ్ల నంబర్లు దొంగల మధ్య చేతులు మారుతుంటాయి. లోక్ అదాలత్‌కు కోర్టు ఫీజు ఉండదు. ఆ ఫోన్ చేసినవాడి నంబర్ కూడా 1930కే చెప్పండి.