కాలిక్యులేటర్ పట్టుకుని కేయాస్ చదవండి

నమస్కారం. డిగ్రీ, ఎమ్మెస్సీ, ఇంజనీరింగ్ చదివే పిల్లలు, వాళ్ల ఇళ్లలోవాళ్లు వింటుంటారని ఈ మాటలు చెబుతున్నాను. మ్యాథ్స్‌లో డైనమికల్ సిస్టమ్స్, కేయాస్ అని ఒక కోర్సు ఉంటుంది, అంటే కాలంతో మారుతూ పోయేవాటి లెక్క, అందులో పుట్టే గందరగోళం. చాలాచోట్ల ఎలక్టివ్. పేరు చూడగానే టెన్షన్ పడి, మార్కులు తేలిగ్గా వచ్చే ఇంకో పేపర్ పెట్టుకునేవాళ్లే ఎక్కువ. నేను ఎమ్మెస్సీలో ఆ కోర్సు చదివాను. నా చదువు మొత్తంలో అంత సంతోషం ఇచ్చిన సబ్జెక్టు మరొకటి లేదు.

ఇంటర్ నుంచి మనకు అలవాటైన లెక్క ఎలా ఉంటుంది? ఈక్వేషన్ ఇస్తారు, సూత్రం వేస్తాం, జవాబు రాసి కింద గీత గీస్తాం. ఈ కోర్సులో మొదటి రోజుల్లోనే తెలిసేదేమిటంటే, ప్రకృతిలో ఎదురయ్యే ఈక్వేషన్లలో చాలావాటికి అలా జవాబు రాయడం కుదరదు. సూర్యుడు, భూమి, చంద్రుడు, ఈ మూడు ఒకదాన్నొకటి లాక్కుంటూ ఎలా కదులుతాయన్న లెక్కే తీసుకోండి. ఫ్రెంచి గణితవేత్త ఆన్రీ పాయింకరే 1880ల్లో దాని మీద కూర్చుని, సూత్రం కోసం వెతకడం పక్కన పెట్టి, వేరే ప్రశ్నలు వేశాడు. ఇక్కడ మొదలైతే చివరికి ఎటు పోతుంది? ఒకచోట నిలుస్తుందా, తిరిగిన దారిలోనే మళ్లీ మళ్లీ తిరుగుతుందా, లేక ఎన్నటికీ కుదురుకోదా? కోర్సంతా ఈ ప్రశ్నల మీదే నడుస్తుంది.

ఇప్పుడు మీ ఫోన్‌లో కాలిక్యులేటర్ తెరవండి. రేడియన్స్‌లో పెట్టి, ఏదైనా ఒక అంకె కొట్టి, దాని కాస్ తీయండి. వచ్చినదానికి మళ్లీ కాస్, దానికి మళ్లీ కాస్. మీరు ఏ అంకెతో మొదలుపెట్టినా చివరికి 0.739085 దగ్గరికే చేరి ఆగిపోతుంది. దాన్ని ఫిక్స్‌డ్ పాయింట్ అంటారు. ఇంతే, మీరు డైనమికల్ సిస్టమ్స్ మొదలుపెట్టేశారు.

అసలు విషయం దీని తర్వాతది. ఒక పురుగుల జాతి ఏటా ఎంత పెరుగుతుందో లెక్కకట్టే చిన్న సూత్రం ఒకటుంది: ఇప్పుడున్న సంఖ్య ఎక్స్ అయితే, వచ్చే ఏటి సంఖ్య ఆర్ ఇంటూ ఎక్స్ ఇంటూ బ్రాకెట్లో ఒకటి మైనస్ ఎక్స్. ఎక్స్ అంటే ఆ చోట పట్టగలిగినన్ని పురుగుల్లో ఎంత వంతు ఉన్నాయన్నది, అందుకే సున్నాకీ ఒకటికీ మధ్య ఉంటుంది, ఆర్ అనేది పెరుగుదల వేగం. ఆర్ 2 పెట్టి 0.2తో మొదలుపెడితే 0.32, 0.4352, అలా వెళ్లి 0.5 దగ్గర కుదురుకుంటుంది. ఆర్ 3.2 చేయండి, ఒక ఏడాది 0.513, మరుసటి ఏడాది 0.799, ఆ రెండింటి మధ్యే తిరుగుతుంది. 3.5 చేస్తే నాలుగేళ్లకోసారి తిరిగొస్తుంది. తర్వాత ఎనిమిది, పదహారు, ఇలా రెట్టింపవుతూ 3.57 దాటగానే కేయాస్, అంటే ఎన్నటికీ కుదురుకోని గందరగోళం, మొదలవుతుంది. 1976లో రాబర్ట్ మే అనే శాస్త్రవేత్త నేచర్ పత్రికలో ఈ సూత్రం గురించి రాస్తూ, దీన్ని విద్యార్థులకు చదువు మొదట్లోనే చూపించాలని గట్టిగా కోరాడు. ఇన్నేళ్లయినా మన దగ్గర అది చివరి సెమిస్టర్‌కి, అదీ ఎలక్టివ్‌గా మిగిలిపోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

ఆర్ 4 పెట్టి రెండు వరుసలు పక్కపక్కనే రాయండి, ఒకటి 0.2తో, ఇంకోటి 0.201తో. తేడా వెయ్యిలో ఒక వంతు. మొదటి మూడు నాలుగు మెట్ల వరకు రెండూ కలిసే నడుస్తాయి, ఏడోసారికి ఒకటి 0.113, రెండోది 0.033, పదోసారికి మొదటిది 0.148, రెండోది 0.989! ఇందులో లాటరీ లేదు, పాచికలు లేవు, సూత్రం మారలేదు, ప్రతి మెట్టూ కచ్చితమే, అయినా మొదట్లో ఉన్న ఆ కాస్త తేడా అంతటినీ మింగేసింది. అమెరికాలో ఎమ్‌ఐటీ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ లోరెంజ్‌కి 1961లో ఎదురైంది ఇదే. వాతావరణం లెక్కలు కంప్యూటర్‌లో మళ్లీ వేస్తూ 0.506127 బదులు 0.506 అని ఇచ్చాడు, కొంతసేపటికి వచ్చిన వాతావరణానికీ మొదటిదానికీ పోలికే లేదు.

మన బంగాళాఖాతంలో తుపాను లేచినప్పుడు వాతావరణ శాఖ వేసే మ్యాప్ గమనించండి. తుపాను దారి ముందుకు పోయేకొద్దీ వెడల్పవుతూ ఉంటుంది. ఆ వెడల్పు చూసి "వీళ్లకి ఏమీ తెలీదు" అని కొట్టిపారేసేవాళ్లుంటారు. అది తప్పు. ఎంతవరకు నమ్మవచ్చో లెక్కకట్టి చెప్పడమది, అదీ సైన్సే.

ఇక నన్ను అన్నిటికంటే కదిలించిన సంగతి. ఇందాక రెండు, నాలుగు, ఎనిమిది అని రెట్టింపయ్యాయి కదా, ఆ మార్పులు జరిగే ఆర్ విలువల మధ్య ఎడం ప్రతిసారీ తగ్గుతూ వస్తుంది, ఎంత తగ్గుతుందంటే ప్రతి ఎడం దాని ముందుదానిలో దాదాపు 4.669వ వంతే. 1975లో మిచెల్ ఫైగెన్‌బామ్ అనే భౌతిక శాస్త్రవేత్త అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో చేతి కాలిక్యులేటర్‌తో దీన్ని పట్టుకున్నాడు. పురుగుల సూత్రం తీసేసి సైన్ ఫంక్షన్ పెట్టినా మళ్లీ అదే 4.669! రెండింటికీ పైకి ఏ సంబంధమూ కనిపించదు. ఆ అంకె రాత్రి హాస్టల్ గదిలో నా లెక్కలోనూ తేలినప్పుడు నాకు నిద్ర పట్టలేదు.

ఈ కోర్సు బొమ్మలు చూసి మురిసిపోయేది మాత్రం కాదు, ప్రూఫులు రాయాలి. ఆర్ 4 దగ్గర 0.75తో మొదలుపెడితే ఎప్పటికీ 0.75లోనే ఉంటుంది, కొద్దిగా పక్కకు జరిగారా పారిపోతుంది. అలా తిరిగి తన చోటికే వచ్చే బిందువులు ఆ గందరగోళం మధ్యే ఎక్కడ చూసినా ఉన్నాయని నిరూపించడం కష్టమే, కానీ చేతికి అందేదే.

తీసుకోవాలనుకుంటే కాలిక్యులస్, డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ వచ్చి ఉండాలి. లీనియర్ ఆల్జీబ్రాలో ఐగెన్ వాల్యూస్ చాప్టర్ సెలవుల్లోనే ఒకసారి తిరగేయండి, ఒక బిందువు పక్కనున్నవాటిని లాక్కుంటుందో తోసేస్తుందో తేల్చేది అదే. కాస్త పైథాన్ వస్తే మంచిది, రాకపోతే ఎక్సెల్ చాలు. మీ కాలేజీలో ఈ కోర్సు లేకపోతే ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటెల్‌లో పాఠాలు ఉచితంగా ఉన్నాయి, ఒక్కరే కాకుండా ఇద్దరు ముగ్గురు స్నేహితులు కలిసి చూడండి, వీడియో ఆపి లెక్క మీరే వేశాకే ముందుకు వెళ్లండి. ఉంటాను, నమస్కారం.